మూడో గట్టు మీద ఆరో మనిషి

రోజు 1

ఈ ఆటల కంపెనీ ఆఫీసులో ప్రతివాళ్ళూ రోజూ లాగ్ రాయాలట. ఏం చేశాం, ఏం పాడుచేశాం, రేపేం చేయబోతున్నాం. పటాలంలో ఇరవై ఎనిమిదేళ్ళు డ్యూటీ రిజిస్టరు రాసినవాణ్ణి, నాకిది కొత్త కాదు. అక్కడ ఒక్క అంకె తప్పు పడితే సుబేదారు మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. ఇక్కడ రాసింది ఎవరూ చదవరని మొదటి రోజే అర్థమైంది కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

నా పేరు తవిటినాయుడు. హవల్దారుగా రిటైరయ్యాను. మాది పదాతి దళం. అంటే కాళ్ళతో నడిచి, బురదలో పాకి యుద్ధం చేసిన ఆఖరి తరం. ఇప్పుడు యుద్ధాలు డ్రోన్లు చూసుకుంటున్నాయి. మనుషులు కొండల లోపల కాలనీల్లో కూర్చుని ఆటలో యుద్ధం చేస్తున్నారు. పగటి ఎండకి బయట మనిషి నిలవలేడు కాబట్టి పొద్దున్న తొమ్మిదికి ఎండ సైరన్ మోగితే ఇనప తలుపులు పడిపోతాయి, పొద్దు వాలాక మళ్ళీ తీస్తారు. ఆ మధ్యలో జనం ఏం చేస్తారు పాపం? ఆటలో తగిలే దెబ్బ ఒంటికి తెలిసే తాకిడి చొక్కా తొడుక్కుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని ‘నాలుగు గట్లు’ ఆడతారు. నలభై లక్షల మంది ఆడతారట.

టీము పెద్ద మేఘమాల. ముప్ఫై దాటి ఉండదు. మాట్లాడుతున్నంతసేపూ చేతిలో టీ గ్లాసు ఉండాల్సిందే. విషయం సూటిగా చెప్పింది. ఆటలో టాంకులు బాగున్నాయి, డ్రోన్లు బాగున్నాయి, పదాతి మాత్రం ఘోరంగా ఉంది. ఎవరూ సిపాయిగా ఆడటం లేదు. మూడు నెలల్లో బాగుపడకపోతే పదాతిని ఆటలోంచి తీసేస్తారు. నిజం సైన్యంలోంచి ఎలాగూ తీసేశారు, ఉత్తుత్తి సైన్యంలోంచి కూడానా అని నాకు ఒళ్ళు మండింది. చేస్తానని సంతకం పెట్టాను.

రోజు 3

రెండు రోజులు సిపాయిగా ఆడాను. సిగ్గుచేటు.

ఒక సిపాయి సగటున ముప్ఫై ఎనిమిది సెకన్లు బతుకుతున్నాడు. చావడా మరి? ఎనిమిది మందీ ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ సినిమా హాల్లోంచి బయటికొచ్చినట్టు గట్టు దిగుతున్నారు. పైనున్న డ్రోనుకి ఒక్క గుండు చాలు. తుపాకీకి బరువు లేదు. కొండెక్కినవాడికి ఆయాసం లేదు. నేల మీద పడుకోవడమనేదే ఎవరికీ తెలీదు, ఎందుకంటే పడుకుంటే ఏమీ కనపడని విధంగా గడ్డి వేశారు. ఆ గడ్డి కూడా గోడకి కొట్టిన రంగులా ఉంది.

ఇదంతా మేఘమాలకి చెప్పాను. చెప్పడం అంటే కొంచెం గట్టిగానే చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, అన్నీ రాసుకుంది. సౌండు చూసే యూసుఫ్ మాత్రం పక్కనుంచి, ‘నాయుడు గారూ, మీరు ఇంకాస్త మెల్లిగా తిడితే రికార్డు చేసుకుంటాను, ఆటలో సుబేదారుకి పనికొస్తుంది’ అన్నాడు. యూసుఫ్‌ది బెజవాడ. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్థుడు. ఈ ఆఫీసులో ఈ మనిషితో నాకు పడేలా ఉంది.

రోజు 9

బరువు పెట్టించాను. సామానెక్కువైతే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే గురి తప్పుతుంది. మనిషికీ మనిషికీ మధ్య పది అడుగులు లేకపోతే చొక్కాలో చిన్న కుదుపు వస్తుంది. మొదటి రోజు ఆటగాళ్ళు నన్ను నానా తిట్లూ తిట్టారు. నాలుగో రోజుకి పది అడుగులు వాళ్ళకే అలవాటైంది.

తర్వాత నేల. మూడో గట్టు పూర్తిగా మార్పించాను. పాతది మరీ నున్నగా ఉంది, మనిషి దాక్కోవడానికి ఒక్క గుంట లేదు. కాయితం మీద నేనే గీసిచ్చాను. ఇక్కడ రాళ్ళ కుప్ప, ఇక్కడ వాన నీళ్ళు కోసిన గండి, ఇక్కడ తుప్పలు, దిగేటప్పుడు ఎడమ కాలు జారే చోటు. ఇంత వివరంగా ఎలా గీశారని మేఘమాల అడిగింది. కొండలన్నీ ఒకలాగే ఉంటాయని చెప్పాను.

అది అబద్ధం. ఆ గట్టు నేను యుద్ధం చేసిన నల్లగట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది దాని మీంచి దిగి. ఇంకో కొండ గీద్దామనే కూర్చున్నాను. చెయ్యి అదే గీసింది.

రోజు 16

ఇవాళ అసలు సంగతి పట్టుకున్నాను. సిపాయిలు చస్తున్నది గుండు తగిలి కాదు, పక్కవాడు ఎక్కడున్నాడో తెలియక. పొగలో, దుమ్ములో ఎవరికి వాళ్ళు విడిపోతున్నారు. దీనికి పటాలంలో మందుంది. లెక్క.

వరసలో ముందున్నవాడు ఒకటి అంటాడు, వెనకవాడు రెండు, అలా ఎనిమిది దాకా. చూడక్కర్లేదు, వెనక్కి తిరగక్కర్లేదు, చెవిన పడితే చాలు. ఎక్కడ నంబరు ఆగిపోతే అక్కడ మనిషి లేడని అర్థం. అందరూ ఆగాలి, వెనక్కెళ్ళి వెతకాలి. మా పటాలంలో తెలుగువాళ్ళమే కాబట్టి లెక్క తెలుగులోనే చెప్పుకునేవాళ్ళం.

ఆటలో మనుషులు ఎనిమిది మంది దొరక్కపోతే మిగతా చోట్లు నింపడానికి బొమ్మ సిపాయిలుంటారు. వాళ్ళకి ఎవరు ఆడి చూపిస్తే వాళ్ళని చూసి నేర్చుకుంటారు. అందుకని యూసుఫ్ నన్ను చొక్కా తొడిగించి గదిలో నిలబెట్టాడు. ముందు ఎనిమిది నంబర్లూ నేనొక్కణ్ణే చెప్పి చూపించాను. రేపట్నించి వారం పాటు రోజూ టెస్టింగ్ వాళ్ళతో కలిసి ఏడో చోట నిలబడి గట్లు ఎక్కుతాను, దిగుతాను. ఏడు నా పాత నంబరు.

రోజు 24

సిపాయి సగటు ఆయుష్షు నాలుగు నిమిషాల పది సెకన్లు. పదాతిలో ఆడేవాళ్ళు ఆరింతలయ్యారు. నిన్న ఒక సెక్షను, ఎనిమిది మందీ, టాంకు కళ్ళుగప్పి మూడో గట్టు దిగి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రికార్డింగు చూసి టీమంతా చప్పట్లు కొట్టింది. మేఘమాల నాకు టీ తెచ్చిచ్చింది, అది ఆవిడ ఎవరికీ చేయదట.

ఆడేవాళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారని యూసుఫ్ చెప్పాడు. వాళ్ళు కాల్చరు. సెక్షను వెనక నడుస్తారంతే. ఎండలో, గడ్డి మీద, ఆకాశం కింద నడవడానికి వస్తున్నారు. బయట నిజం నేల మీద పగటిపూట నడిచి వాళ్ళకి పదేళ్ళు దాటింది కదా. ఇది విని నాకు సంతోషం వేసింది. చాలా కాలం తర్వాత హాయిగా తిన్నాను.

రోజు 30

ఫిర్యాదులు. మూడు రోజుల్లో నాలుగు వందలు. అన్నీ ఒకే మాట. ఆరో నంబరు చచ్చిపోయాక కూడా జవాబు చెప్తున్నాడట.

మొదట నమ్మలేదు. ఆడేవాళ్ళు ఓడిపోతే ఏదో ఒకటి అంటారు. కానీ లెక్కలు తీయిస్తే నిజమే. సెక్షన్లు వెనక వదిలేసి పోయిన మనుషుల్లో సగం మందికి పైగా ఆరో చోట ఉన్నవాళ్ళే. కాలికి దెబ్బ తగిలి ఒకడు గండిలో పడిపోయి ఉంటాడు, గొంతు పెగలదు. కింద సెక్షను లెక్క చెప్పుకుంటుంది. ఐదు వినపడుతుంది, ఆరు వినపడుతుంది, ఏడు వినపడుతుంది. అందరూ ఉన్నారనుకుని కదిలిపోతారు. వాడు పైనుంచి వాళ్ళు వెళ్ళిపోవడం చూస్తూ ఉంటాడు. ఒక ఆటగాడు రాశాడు, ‘నేను చావడం పెద్ద విషయం కాదు సార్, రోజూ చస్తాను, కానీ నా నంబరు ఇంకెవరో చెప్తుంటే వినడం వేరు, విప్పేసిన చొక్కా మళ్ళీ తొడుక్కోలేదు’ అని.

ఇప్పుడు ఆరో చోటు ఎవరికీ వద్దట. బొమ్మ సిపాయిని నిలబెడుతున్నారు. నేను ఈ ఫిర్యాదులన్నీ చదివాను, మధ్యాహ్నం అన్నం సయించలేదు.

రోజు 32

యూసుఫ్ పొద్దున్నే పిలిచి తలుపు వేశాడు. ఏదో వినిపిస్తానన్నాడు.

టెస్టింగులో నేను ఏడో చోట ఉండగా ఆరోవాడు వెనకబడి లెక్క అందుకోలేకపోయిన సందర్భాలు ఇరవై మూడు. ఇరవై మూడుసార్లూ ఆ ఖాళీలో ఒక గొంతు ‘ఆరు’ అంది. ఇరవై మూడుసార్లూ అది నా మైకులోంచే వచ్చింది. బొమ్మ సిపాయిలు నన్ను చూసే కదా నేర్చుకున్నది. ఏడో చోట ఏ బొమ్మ ఉన్నా, ముందువాడు పలక్కపోతే వాడి నంబరు అదే గొంతుతో తనే చెప్పడం నేర్చేసుకుంది.

‘మీకు తెలియకుండా చేశారని నాకు తెలుసు నాయుడు గారూ. కానీ ఒక్క సంగతి. మీరు ఆరు అన్నప్పుడు అది మీ గొంతు కాదు. మనిషే మారిపోతున్నారు. ఎవరిది అది?’ అని అడిగాడు.

మళ్ళీ వినిపించమన్నాను. ‘ఆ’ని బాగా సాగదీసి, చివర ‘రు’ని టక్కున కింద పడేసినట్టు ఉంది. నా గొంతు కాదు, నిజమే. లేచి బయటికొచ్చాను. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నాకు భయం వేసింది. డ్రోన్ల కింద కూడా ఇంత భయం వేయలేదని రాస్తే ఎవరూ నమ్మరు, కానీ అదే నిజం.

రోజు 33

ఎవరూ చదవరని కదా అనుకున్నాను. రాస్తాను.

ఆ గొంతు గేదెల సింహాచలానిది. పలాస వాడు. పటాలంలోకి రాకముందు జీడిపిక్కల షెడ్డులో బస్తాలు మోసేవాడు. అక్కడ బస్తాలు దించేటప్పుడు గట్టిగా లెక్క చెప్తారట, ఆరో బస్తాకి మాత్రం గొంతు సాగదీస్తారట. గుమాస్తా సుద్దతో గోడ మీద గీత గీయడానికి అది గుర్తు. పటాలంలో వాడి నంబరు కూడా ఆరే పడింది, ఇక ఆ సాగదీత పోలేదు. వాడు ఆరు అంటే సెక్షనంతా నవ్వేవాళ్ళం.

వాడు నిద్రపోతు. పొద్దున్న హాజరుకి లేచేవాడు కాదు. లేకపోతే శిక్ష పడుతుంది కాబట్టి వాడి వెనక నిలబడే నేను వాడిలాగే సాగదీసి వాడి నంబరు చెప్పేసేవాణ్ణి, తర్వాత నాది చెప్పేవాణ్ణి. ఇందులో వింతేం లేదు. బారక్సులో ప్రతివాడూ తన జోడీ కోసం చేసేదే. నాకు జ్వరమొస్తే వాడు నా నంబరు చెప్పేవాడు. రెండేళ్ళలో వంద సార్లు చెప్పి ఉంటాను.

నల్లగట్టు మీంచి వెనక్కి రమ్మని ఆర్డరొచ్చిన రోజు పొద్దున్న పొగమంచు. పైన డ్రోన్ల చప్పుడు. సగం దిగాక సింహాచలానికి గుర్తొచ్చింది, తూటాల పెట్టె పైనే మర్చిపోయాడని. పెట్టె పోతే కోర్టు మార్షల్. ‘నా నెక్క నువ్వు సెప్పెయ్, పెట్టి అట్టుకుని ఒచ్చేత్తాను’ అన్నాడు. వెళ్ళాడు. లెక్క వచ్చింది, వాడి నంబరు చెప్పాను. గట్టు దిగాం. కింద బండి ఎక్కేముందు మళ్ళీ లెక్క వచ్చింది. రెండోసారి కూడా నోరు దానంతటదే పలికింది. అలవాటు. ఎనిమిది మందీ ఉన్నారని సెక్షను కమాండరు రాసుకున్నాడు. వేరే సెక్షన్లవాళ్ళు కూడా తొక్కుకుని ఎక్కిన బండిలో ఎవరూ ముఖాలు చూసుకోలేదు. బండి కదిలింది.

క్యాంపుకి వచ్చాక వాడు లేడు. రికార్డులో ఎనిమిది మందీ గట్టు దిగారు. దిగి బండెక్కినవాడు లేడంటే క్యాంపులోంచి పోయినట్టే కదా. సింహాచలం పారిపోయాడని రాశారు. నేను నోరు విప్పలేదు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

రోజు 35

దీన్ని తీసేయడానికి పది నిమిషాలు చాలని యూసుఫ్ అన్నాడు. మేఘమాల ఆగమంది. కారణం, ఫిర్యాదులతో పాటు ఆడేవాళ్ళూ పెరిగారు. జనం దెయ్యాన్ని వినడానికే వస్తున్నారట. ‘దెయ్యం ఆరు’ అని దానికి పేరు కూడా పెట్టారు. పదాతిని కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదని ఆవిడ లెక్క. ఆవిడ తప్పు లేదు, ఆవిడకి తెలీదు.

తీసేయమని అరిచాను. కారణం చెప్పమంది. ఆటకి చెడ్డపేరన్నాను.

సాయంత్రం ఒక ఉత్తరం వచ్చింది. మామూలు ఫిర్యాదుల్లో పడి ఉంటే యూసుఫ్ చూసి నాకు పంపాడు. అక్షరాలా ఇక్కడ దింపుతున్నాను.

‘అయ్యా, నా పేరు గేదెల నూకరత్నం. మాది పలాస కొండ కాలనీ. నాకు చదువు రాదు, ఇది పక్కింటివాళ్ళ చేత రాయిస్తున్నాను. నాకు యుద్ధం తెలీదు, నడవడానికి మీ ఆటలోకి వస్తాను. మొన్న మూడో గట్టు మీద లెక్కలో ఆరు అని వినపడింది. అది మా అన్న సింహాచలం గొంతు. జీడి షెడ్డులో బస్తాలు దించేటప్పుడు అలాగే అనేవాడు. మా అన్న పటాలంలోంచి పారిపోయాడని మాకు కాయితం వచ్చింది. ఆ కాయితం వచ్చాక మా అమ్మ ఊరి కుళాయి దగ్గరికి పోలేదు. నలుగురిలో తలెత్తకుండానే పోయింది. అన్న ఎక్కడో బతికే ఉన్నాడని నేను అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మీ దగ్గర గొంతు వినపడింది. మా అన్న మీ దగ్గర పనిచేస్తున్నాడా? ఉంటే చెల్లెలు అడిగిందని చెప్పండి. కోపం లేదని చెప్పండి.’

రోజు 36

ఇలాంటి వాటికి కంపెనీ ఒక జవాబు రాసి పెట్టుకుంది. ‘ఆటలోని గొంతులన్నీ యంత్రం తయారుచేసినవి, ఏ వ్యక్తికీ సంబంధించినవి కావు.’ మీట నొక్కితే వెళ్ళిపోతుంది. మేఘమాల ఆ ఉత్తరానికి కూడా అదే పంపమంది.

మధ్యాహ్నం దాకా ఆ మీట ముందు కూర్చున్నాను. నొక్కితే అయిపోతుంది. ఆవిడ ఇంకో పదేళ్ళు అన్న బతికే ఉన్నాడనుకుంటూ బతుకుతుంది, నేను హవల్దార్ తవిటినాయుడుగా పోతాను, సాక్షి లేడు. ఆ సెక్షనులో ఇంకెవరూ మిగల్లేదు. నిజం చెప్తే ఆవిడకి అన్న పోతాడు. చెప్పకపోతే వాడు పారిపోయినవాడుగానే ఉంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు వాయిదా వేసినవాడికి ఇంకో మీట నొక్కడం ఏం కష్టం?

నొక్కలేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. ‘కోపం లేదని చెప్పండి’ అన్న ముక్క లేకపోయి ఉంటే నొక్కేవాణ్ణే.

రోజు 38

మేఘమాలకి, యూసుఫ్‌కి చెప్పేశాను. మేఘమాల చేతిలో టీ చల్లారిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తర్వాత యూసుఫ్ వైపు తిరిగి ఆ గొంతు ఇవాళే తీసేయమంది. ‘ఒక్క రోజు ఆగమ్మా. ఆ చెల్లెల్ని అడక్కుండా తియ్యకూడదు. అది వాళ్ళ అన్న గొంతు’ అన్నాడు యూసుఫ్. మేఘమాల సరేనంది.

ముప్ఫై మూడో రోజు లాగ్‌లో రాసినదంతా, ఆటలో మూడో గట్టు నల్లగట్టేనన్న సంగతితో సహా, శుభ్రంగా ఒక వాఙ్మూలంగా రాసి సంతకం పెట్టాను. ఒక కాపీ పటాలం రికార్డు ఆఫీసుకి. ఒక కాపీ నూకరత్నానికి. దానికింద నా ఫోను నంబరు రాశాను, మాట్లాడాలనుకుంటే మాట్లాడమని. తిట్టాలనుకుంటే తిట్టమని కూడా రాశాను.

రోజు 40

నిన్నంతా ఏమీ రాలేదు. ఇవాళ పొద్దున్న సైరన్ మోగిన కాసేపటికి ఫోను. ఆవిడే. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. కాయితం మూడుసార్లు చదివించుకున్నానని చెప్పింది. మూడో గట్టు మీరు గీసినదేనా అని అడిగింది. అవునన్నాను. అయితే చోటు చూపించమంది.

యూసుఫ్ మూడో గట్టుని యుద్ధం ఆపేసి మా ఇద్దరికే తెరిచిపెట్టాడు. టాంకుల్లేవు, డ్రోన్లు లేవు. ఆవిడ పలాస కాలనీలో చొక్కా తొడుక్కుంది, నేనిక్కడ. ఎండ మంచిగా కాస్తోంది. ఆవిడ ఆటలో సిపాయి దుస్తుల్లోనే ఉంది, కానీ నడక మాత్రం మోకాళ్ళు నొప్పులున్న మనిషి నడక. మెల్లిగా నడిచాం. ఎడమ కాలు జారే చోట జాగ్రత్తని చెప్పాను. ఆవిడ రాయి పట్టుకుని దిగింది.

సగం దూరంలో తుప్పల దగ్గర ఆగాను. ఇక్కడే వెనక్కి తిరిగాడు, అదిగో ఆ రాళ్ళ కుప్ప పైకి వెళ్ళాడు అని చూపించాను. ఆవిడ రాళ్ళ కుప్ప దాకా ఎక్కింది. నేను వెనకాలే వెళ్ళాను. అక్కడ నిలబడి కిందకి చూసింది. మేం బండెక్కిన చోటు అక్కడికి బాగా కనపడుతుంది. నేను గీసినప్పుడు ఈ సంగతి ఆలోచించలేదు. ఇక్కణ్ణుంచి చూడటం నాకూ ఇదే మొదటిసారి.

‘పొగమంచన్నారు కదా. కనపడ్డం కట్టమే. ఇనపడతాదా?’ అని అడిగింది.

వినపడుతుందని చెప్పాను. కొండల్లో మాట బాగా దిగుతుంది.

ఆవిడ నా వైపు తిరిగింది. ‘పిలిసినాడా మా అన్న?’

లేదని చెప్పవచ్చు. తెలీదని చెప్పవచ్చు. డ్రోన్ల చప్పుడులో ఏమీ వినపడలేదని చెప్తే ఎవరు కాదంటారు? ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

‘పిలిసినాడమ్మా. రెండుసార్లు. నా పేరెట్టి పిలిసినాడు.’

‘కింద నెక్క సెప్పకముందా, సెప్పినాకా?’

‘ముందే’ అన్నాను.

ఆవిడ ఆ రాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ పక్కన కూర్చునే అర్హత లేదనిపించి నిలబడే ఉన్నాను. వాడు పైన ఉండిపోయాడంటే నన్ను మళ్ళీ పైకి పంపుతారని తెలుసు, ఆ డ్రోన్ల కిందకి నేను మళ్ళీ ఎక్కలేననిపించింది, అందుకే వాడి నంబరు చెప్పానని అన్నాను. భయపడ్డానని అన్నాను. ఇరవై ఏడేళ్ళవాణ్ణని కూడా అన్నాను. ఆవిడ ‘మా అన్నకి ఇరవై నాలుగు’ అంది. 

ఎండ అలాగే కాస్తోంది. ఆటలో గాలి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వీస్తుంది. చాలాసేపటికి ఆవిడ లేచింది. ఆ గొంతు ఉంచమంటారా, తీసేయమంటారా అని యూసుఫ్ అడగమన్నాడని చెప్పాను. తీసేయమంది, ఇంకెవరి ప్రాణానికీ మా అన్న గొంతు అడ్డం పడకూడదంది. తనకి మాత్రం ఒక్కసారి వినిపించి తీసేయమంది. యూసుఫ్ వినిపించాడు. నేను చెవులకున్న ఇయర్‌ఫోన్లు తీసేశాను, ఆ మాట ఆవిడ ఒక్కర్తే వినాలనిపించింది.

నేను వాటిని మళ్ళీ పెట్టుకున్నాక, చొక్కా విప్పబోతూ ఆవిడ అంది, ‘పిలిసినాడన్నది నువ్వు కాయితంలో రాయనేదు.’

‘రాయనేదమ్మా.’

‘రాయి.’

బొమ్మ సిపాయిల తప్పు ఇవాళ మధ్యాహ్నం సరిచేశాం. బొమ్మ సిపాయిల తప్పు ఇవాళ మధ్యాహ్నం సరిచేశాం. అలవాటు అని నేను ముందు రాసింది అబద్ధం. నల్లగట్టు కింద రెండో లెక్క చెప్పకముందు, పైనుంచి గేదెల సింహాచలం నన్ను రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. నేను విన్నాను. విని, అతని నంబరు నేనే చెప్పాను.